సంగీతపు డిజిటల్ పంపిణీ నియమములు – మన వాద్యకారుల కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



నాదస్వరమును, డోలును కులవిద్యగా నభ్యసించి, దేవాలయములందును వివాహవేదికలయందును వాయించి జీవించు కుటుంబములు మన సంఘమున ననేకములు గలవు. పూర్వము వారి విద్వత్తు విన్నవారి చెవులలో నిలిచి, వారితోనే గతించుచుండెను. నేడు చేతిలోని ఫోనున రికార్డు చేసిన కీర్తనయైనను కొలది దినములలో దేశదేశముల వినబడుటకు వీలు కలిగినది. అయితే ఈ ద్వారమునకు కొన్ని నియమములు గలవు. వాని నెఱుగక ప్రవేశించినవారి పాటలు తొలగింపబడుచున్నవి. ఒక్కొక్కపుడు ఖాతాయే మూతపడి, రావలసిన సొమ్ము నిలిచిపోవుచున్నది. కావున ఆ నియమముల సారమును, వానియెడ మన కర్తవ్యమును సభవారికి విన్నవింప దలచితిని.

ఈ వ్యాపారము నడచు తీరు మొదట తెలియవలయును. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ వంటి సంస్థలు సామాన్యముగా కళాకారునివద్దనుండి నేరుగా పాటను స్వీకరింపవు. నడుమ పంపిణీదారు లుందురు. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్, సీడీ బేబీ అనునవి యిట్టి సంస్థలు. పాటను, ముఖచిత్రమును, పేర్లను మనవద్ద గైకొని వారు అంగళ్లకు చేర్తురు. వచ్చిన రాబడిని మనకు పంపుదురు. దోషము కనబడినచో అంగడివారు పంపిణీదారును, పంపిణీదారు మనలను నిలదీయుదురు. ఇది ఒడంబడికతో నడచు వ్యవహారము. "అంగీకరించితిని" అనుచోట వ్రేలు మోపిన క్షణముననే నియమములన్నిటికిని మనము కట్టుబడినవార మగుదుము.

ప్రథమ నియమము స్వత్వమునకు సంబంధించినది. ఒక పాటయందు రెండు విధముల హక్కులు గలవు. రచనపై హక్కు ఒకటి. ధ్వనిముద్రణపై హక్కు మఱియొకటి. మన దేశపు 1957 కాపీరైటు చట్టము ననుసరించి రచనపై హక్కు కర్త జీవితకాలమును, తదనంతరము 60 సంవత్సరములును నిలుచును. ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములు నిలుచును. త్యాగరాజస్వామివారు 1847లో సిద్ధిపొందిరి. వారి కృతులు సర్వజనుల సొత్తు. కాని యా కృతిని వేఱొక విద్వాంసుడు వాయించిన రికార్డు సర్వజనుల సొత్తు కానేరదు. 1964లో వెలువడిన రికార్డు హక్కు 2024 డిసెంబరు 31తో ముగిసినది. 1980లో వెలువడినదాని హక్కు 2040 వఱకు గలదు. అన్నమాచార్యుల సంకీర్తనముల విషయమున నొక సూక్ష్మము గలదు. సాహిత్యము అయిదు శతాబ్దముల నాటిదే. కాని పెక్కింటికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు 20వ శతాబ్దమున స్వరరచన గావించిరి. శర్మగారు 1979లో దివంగతులైరి గనుక, సామాన్య సూత్రము ననుసరించి వారి స్వరరచనపై హక్కు 2039 వఱకు నుండును.

పెండ్లిమేళమువారికి ముఖ్యమైన విషయ మింకొకటి. వివాహమునందును, పెండ్లి యూరేగింపునందును సినిమాపాటను వాయించుటను చట్టము 52వ విభాగమున హక్కుభంగముగా నెన్నలేదు. ఆ పాటనే రికార్డు చేసి పంపిణీకి పంపినచో ఆ మినహాయింపు వర్తింపదు. హక్కుదారుని యనుమతి లేనిచో 2012 సవరణచే చేరిన 31సి విభాగము ననుసరింపవలయును. దాని ప్రకారము పాట తొలిసారి రికార్డయిన సంవత్సరము ముగిసిన పిదప 5 సంవత్సరములు గడువవలయును. ముందుగా నోటీసు నీయవలయును. పాటకు ఏటికి కనీసము 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే చెల్లింపవలయును. చిన్న మేళమున కిది మోయరాని భారము. కావున లిఖితపూర్వకమైన యనుమతి పొందిన పిదపనే యట్టి పాటలను పంపుట క్షేమము.

మన పెద్దలు వాయించిన పాత క్యాసెట్ల మాట యేమి? "మా తండ్రిగారు వాయించినది గావున మాదే" యని కుమారు డనుకొనుట సహజము. చట్టము దృష్టిలో ధ్వనిముద్రణకు కర్త దానిని తయారు చేయించిన నిర్మాత. కంపెనీవారు తీసిన క్యాసెట్టును కుమారుడు పంపినను దోషమే యగును. అయినను 2012 సవరణచే చేరిన 38బి విభాగము వాద్యకారునకు నైతికహక్కుల నొసంగినది. వాద్యకారుడుగా తన పేరు ప్రకటింపబడుటయు, తన వాద్యమును కీర్తికి భంగము కలుగునట్లు వికృతము చేయకుండ నిరోధించుటయు అందులోనివి. తండ్రి రికార్డు పరుల పేర వెలసినచో ప్రశ్నించుటకు ఆధారము గలదు. అట్లు ప్రశ్నింపవలెనన్న, ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరమున వాయించిరో తెలుపు కాగిత ముండవలయును. మన లోపమంతయు నిచ్చటనే యున్నది.

ద్వితీయ నియమము పేర్లకు సంబంధించినది. 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ తొలి గ్రామఫోను రికార్డుల నిచ్చినపుడు, పాట ముగింపున తన పేరును తానే చెప్పెను. జర్మనీలో రికార్డులు తయారుచేయువారు గాయని నెఱుగుటకు అది తోడ్పడెను. ఆనాటి యా మాటయే నేడు మెటాడేటా యను పేర వెలసినది. పాట, రచయిత, స్వరకర్త, వాద్యకారులు, భాష, సంవత్సరము అనువానిని సరిగా నింపవలయును. ప్రసిద్ధ గాయకుని పేరు తగిలించి వినువారిని భ్రమపెట్టుట నిషిద్ధము. ఒకే పేరుగల యిరువురి పాటలు ఒక్క పుటలో కలిసిపోవుటయు గలదు గనుక ఇంటిపేరో, ఊరిపేరో చేర్చుకొనుట మేలు. ముఖచిత్రముపై ఫోను నంబరు, వెల, అంతర్జాలపు చిరునామా ఉండరాదు. పెండ్లి బేరములకని నంబరు ముద్రించుట మనవారి యలవాటు. కరపత్రమునకు తగును గాని ముఖచిత్రమునకు తగదు. అశ్లీల పదములున్న పాటకు ఆ గుర్తు పెట్టుటయు విధియే. 1985లో అమెరికాలో జరిగిన వాదోపవాదముల ఫలితముగా పుట్టిన యీ హెచ్చరిక చీటీ నేడు డిజిటల్ అంగళ్లకును సంక్రమించినది.

తృతీయ నియమము ద్వేషమును గూర్చినది. కులసభలో దీనిని దాటవేయుట ధర్మము గాదు. యూట్యూబు సంస్థ తన ద్వేషప్రసంగ నియమములలో జాతి, మతములతోపాటు కులమును గూడ పేర్కొన్నది. మన యువకులు కులవైభవమును గానము చేయుట తప్పుగాదు. ఆ గానమున పొరుగు కులమును కించపఱచు చరణ మొక్కటి చొచ్చినను నియమభంగ మగును. మనలను హేళన చేసిన పాటను తొలగింపుమని మనము కోరుదుము గదా! ఆ త్రాసుననే మన పాటను గూడ తూచుకొనవలయును.

చతుర్థ నియమము వినికిడి లెక్కలది. 2024 నుండి స్పాటిఫైలో ఒక పాట గత 12 మాసములలో కనీసము 1,000 సార్లు వినబడనిచో దానికి సొమ్ము రాదు. ఈ సంఖ్యను చేర్చుటకు కొందఱు యంత్రములచే పాటను పదేపదే మ్రోగింతురు; సంఖ్య పెంచి యిత్తుమని సొమ్ము గుంజువారును గలరు. అట్టి దొంగలెక్కలు బయటపడిన పాటలకు పంపిణీదారులనుండి ఆ సంస్థ జరిమానా వసూలు చేయుచున్నది. ఆ భారము తుదకు కళాకారునిపై బడును. బంధుమిత్రుల ఫోనులలో రాత్రియంతయు శబ్దము తగ్గించి మ్రోగించుటయు ఈ కోవలోనిదే. పదిమంది నిజముగా విన్నను అది మనకు గౌరవము.

పంచమము కృత్రిమ మేధకు సంబంధించినది. 2025 సెప్టెంబరునాటికి గడచిన 12 మాసములలో 7 కోట్ల 50 లక్షలకు పైబడిన చెత్త పాటలను తొలగించితిమని స్పాటిఫై ప్రకటించెను. అనుమతి లేక ఒకరి కంఠము ననుకరించు పాటలను నిషేధించితిమనియు దెలిపెను. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగు కంఠమున కిట్టి యనుకరణలనుండి తాత్కాలిక రక్షణ నొసంగెను. అదే సంవత్సరమున తెలుగునాట ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి కంఠమును ఒక చిత్రమున పునఃసృష్టించిరని వారి కుమారులు నోటీసు పంపిరి. ఆ యేడే ఎ.ఆర్. రహమాన్‌గారు ఇరువురు స్వర్గస్థులైన గాయకుల కంఠములను వారి కుటుంబముల యనుమతితో, ప్రతిఫల మిచ్చి, ఒక తమిళ చిత్రమున వినిపించిరి. యంత్ర మొక్కటియే, అనుమతి యడుగుటయందే భేదమున్నది.

ఈ నియమములు నిర్దుష్టములని నా యభిప్రాయము గాదు. 2007 నుండి యూట్యూబున నడచుచున్న కంటెంట్ ఐడీ యంత్రము ధ్వనిని ధ్వనితో పోల్చును. ఒకే కృతిని ఒకే శ్రుతిలో ఇరువురు వాయించినచో అది పొరపడుట గలదు. మన వాద్యముపై పరుడు హక్కు పలుకుట గలదు. అట్టియెడ నిరుత్సాహపడి ఊరకుండరాదు. వివాద పత్రము దాఖలు చేసినచో ఎదుటివాడు 30 దినములలో బదులీయవలయును. లేనిచో వాని దావా వీగిపోవును. అదే రీతిని, వేలమంది వాడు సిద్ధమైన తాళపు ముక్కలను, శ్రుతి ధ్వనులను చేర్చిన పాటను మనమును ఆ యంత్రమున నమోదు చేయరాదు. చేసినచో నిర్దోషులైన ఇతరుల పాటలపై మనమే దావా వేసినట్లగును.

మహాజనులారా! ఈ నియమములన్నిటికిని మూల మొక్కటియే: ఇది ఎవరిది, ఎవరి పేర వెలువడుచున్నది యనుటకు సత్యమైన సాక్ష్యము. మన విద్య గురుముఖమున వచ్చినది, కాగితమున లేదు. యంత్రమునకు గురుపరంపర తెలియదు. కావున ఈ మహాసభ మూడు తీర్మానముల నామోదింపవలెనని ప్రార్థించుచున్నాను. సంఘ కార్యాలయమున వాద్యకారుల పేర్లు, రికార్డుల వివరములు, తేదీలు వ్రాసియుంచు పట్టిక నొకదానిని తెఱువవలయును. వృద్ధ విద్వాంసుల వాద్యమును వారి లిఖితానుమతితో ఇప్పుడే రికార్డు చేయించి, స్వత్వమును వారి పేరనే యుంచవలయును. ప్రతి జిల్లాయందును చదువుకొన్న యువకు డొకడు మేళములవారికి ఒడంబడికలను చదివి తెలుగున వినిపించు భారమును వహింపవలయును.

విద్య నిచ్చిన పెద్దలకు పేరు నిలుపుట మన ఋణము. దానిని తీర్చుకొను సాధనము చేతికి వచ్చియున్నది.