చెట్టు రాసుకున్న వానల లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏడో తరగతిలో ఉండగా గాలివానకు మన బడి వెనక తాటిచెట్టు పడిపోయింది. చెట్టు వయసు వలయాల్లో తెలుస్తుందని అప్పుడే పాఠం విన్నాం. మొద్దు మీద ఎంత వెతికినా చుక్కలే తప్ప ఒక్క వలయం లేదు. సైన్సు మాస్టారు నవ్వి, "తాటికీ కొబ్బరికీ వలయాలుండవురా, టేకు చూడండి" అని మమ్మల్ని కలప అడితికి తీసుకెళ్ళారు. వరసగా నాలుగు సన్నటి వలయాలు చూపించి, "ఇవి కరువు సంవత్సరాలేమోరా" అన్నారు.

ఆ మాట మర్చిపోయాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేరి, ముప్పై నలభై ఏళ్ళ ప్రవాహ లెక్కలు ముందు పెట్టుకుని ఆయకట్టు అంచనాలు కట్టాను. సంతకాలు కూడా పెట్టాను.

రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి అరిజోనా వెళ్ళాను. టూసాన్‌లో విశ్వవిద్యాలయం వారికి చెట్ల వలయాల కోసమే ఒక పరిశోధనశాల ఉంది. 1937లో డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త పెట్టారు. చెట్టును కొట్టరు. సన్నటి బోలు బరమాతో పెన్సిలంత పుల్ల తీస్తారు. బతికున్న చెట్ల వలయాల వరసను పాత మొద్దులతో, దూలాలతో జత కలుపుతూ వందల ఏళ్ళు వెనక్కి పోతారు. నదికీ చెట్టుకూ నీళ్ళిచ్చేది ఆ వాన, ఆ మంచే కదా. నదిని కొలిచిన ఏళ్ళలో వలయం మందానికీ ప్రవాహానికీ ఉన్న లెక్క తేల్చి, కొలవని ఏళ్ళకు దాన్ని వర్తింపజేస్తారు. కరువును చెప్పినంత బాగా వరదను చెట్టు చెప్పలేదు. కడుపు నిండాక ఎంత తాగుతుంది!

కొలరాడో నదిని 1922లో ఏడు రాష్ట్రాలు పంచుకున్నాయి. మన లెక్కలో సుమారు 650 టీఎంసీలు. 1944లో మెక్సికోకు మరో 65 ఒప్పుకున్నారు. పంపకం నాటికి చేతిలో ఉన్నవి దాదాపు రెండు దశాబ్దాల కొలతలే. 1976లో స్టాక్టన్, జాకొబీ వలయాలు చదివి, దీర్ఘకాల సగటు 590 దాటదన్నారు. ఆ కొలతల కాలం కొన్ని శతాబ్దాల్లోకెల్లా తడి కాలమని తేలింది. తర్వాతి పరిశోధనలు అంకెను కాస్త పెంచాయి గానీ పంచినంత నీరు మాత్రం చూపలేదు.

ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. నా సంతకాలే గుర్తొచ్చాయి.

మనం కృష్ణా కాలువ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ళ లెక్కలు చూసి, నూటికి డెబ్బై అయిదేళ్ళు నమ్మదగిన నీరు 2060 టీఎంసీలని తేల్చింది. కొలరాడో వాళ్ళకంటే మనవాళ్ళు జాగ్రత్తపరులే. అయినా టేకు చెట్టు వయసు ముందు 78 ఏళ్ళెంత?

అందుకే ఒక విన్నపం. మీ ఊళ్ళో పాత పెంకుటిల్లు పడగొడుతుంటే టేకు దూలాన్ని పొయ్యిలో పెట్టకండి. ఎప్పుడు, ఎక్కడ కొన్నారో పెద్దవాళ్ళనడిగి రాసి ఉంచండి. బర్మా టేకయితే మాత్రం అది చెప్పేది బర్మా వానల సంగతే!