శస్త్రచికిత్స వికటించినప్పుడు ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది?

(వైద్య సౌకర్యాలపై జరిగిన కార్యకర్తల శిక్షణ తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సౌకర్యాల విషయమై మనం ఆమోదించే తీర్మానాలలో మందుల కొరత, డాక్టర్ల ఖాళీలు, రీయింబర్స్‌మెంటు జాప్యం తప్పక చోటు చేసుకుంటాయి. అవన్నీ న్యాయమైన కోర్కెలే. ఈనాడు మేము ప్రస్తావించదలచినది ఆ తీర్మానాలలో అరుదుగా కనిపించే అంశం. ఆపరేషన్ అనంతరం గాయం చీము పట్టడం, కుట్లు విడిపోవడం, రక్తస్రావం వల్ల రోగిని తిరిగి థియేటరుకు తీసుకుపోవలసి రావడం వంటి ఉపద్రవాల వల్ల ఆసుపత్రిపై పడే ఆర్థిక భారాన్ని చివరకు మోసేది ఎవరు?

ఆసుపత్రికే నష్టం కదా అని తోచవచ్చు. అది అన్ని చోట్లా నిజం కాదు. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. అమెరికా దక్షిణ ప్రాంతంలో 12 ఆసుపత్రులు గల ఒక సంస్థ 2010లో శస్త్రచికిత్స చేసి పంపిన 34,256 మంది లెక్కలను అందులో పరిశీలించారు. వారిలో 1,820 మందికి, అనగా 5.3 శాతం మందికి, ఉపద్రవాలు సంభవించాయి. ప్రైవేటు బీమా గల రోగికి ఉపద్రవం వచ్చినప్పుడు, చికిత్సకైన నేరు ఖర్చులు పోగా ఆసుపత్రికి మిగిలిన సొమ్ము, రానప్పటి కంటే 39,017 డాలర్లు అధికం! ప్రభుత్వ మెడికేర్ పథకం రోగి విషయంలో సైతం 1,749 డాలర్లు అధికమే. డాక్టర్లు బుద్ధిపూర్వకంగా హాని చేశారని ఆ పరిశోధకులు అనలేదు, మేమూ అనడం లేదు. కాని నివారణకు డబ్బు వెచ్చించే ఆసుపత్రి తన రాబడిని తానే తగ్గించుకునేటట్లు చెల్లింపు పద్ధతి ఉన్నదని ఆ లెక్కలు చాటుతున్నవి.

మన దేశంలో సి.జి.హెచ్.ఎస్. ప్యాకేజీ పద్ధతి ఇందుకు భిన్నమైనది. 2014 నాటి నిబంధనల ప్రకారం సాధారణ పెద్ద శస్త్రచికిత్సకు 7 రోజులు, సూపర్ స్పెషాలిటీ చికిత్సకు 12 రోజుల వరకు ఆసుపత్రి వాసం ప్యాకేజీలోనే ఇమిడి ఉంటుంది. శస్త్రచికిత్స పర్యవసానంగా వచ్చిన ఇన్‌ఫెక్షన్ వల్లగాని, సరికాని పద్ధతి వల్లగాని సమర్థనీయం కాని రీతిలో వాసం పెరిగితే అదనపు మొత్తం చెల్లించరాదని ఆ నిబంధనలలో స్పష్టంగా ఉన్నది. అంటే ఆ నష్టం ఆసుపత్రిదే. ఇది మంచి నిబంధనే. అయితే నష్టాన్ని తప్పించుకోవడానికి యాజమాన్యాలకు రెండు దారులున్నవి. ఇన్‌ఫెక్షన్‌ను నివారించడం ఒకటి; గాయం మానకముందే రోగిని ఇంటికి పంపడం రెండవది. రెండవది చౌక.

రైల్వే ఆసుపత్రిలో పరిస్థితి మరొక రకం. మన ఉద్యోగికి అక్కడ బిల్లు ఉండదు. ఏటా కేటాయించే నిధులు, పరిమితమైన పడకలు మాత్రమే ఉంటాయి. హెర్నియా ఆపరేషన్ చేయించుకొని నాలుగు రోజులలో ఇంటికి పోవలసిన ట్రాక్‌మన్ గాయం చీము పట్టి మూడు వారాలు వార్డులో ఉన్నాడనుకోండి. ఖరీదైన యాంటీబయాటిక్‌లు, రోజువారీ కట్లు, నర్సు కాలం, రెండవసారి థియేటరు, ఇవన్నీ ఖర్చే. కాని అది కొంత మందుల పద్దులో, కొంత జీతాల పద్దులో కలిసిపోతుంది. అకౌంట్సు శాఖలోని మిత్రులకు మేము వేరే చెప్పనక్కరలేదు, విడిగా పద్దు లేని ఖర్చుకు సంజాయిషీ అడిగేవారుండరు. ఇక ఆ పదిహేడు రోజులలో ఆ మంచంపై నలుగురికి ఆపరేషన్లు జరిగి ఉండేవి. వారు వాయిదా పడ్డారు. ట్రాక్‌మన్ సెలవు ఖాతా ఖాళీ అయింది. అతని గ్యాంగు ఒక మనిషి తక్కువతో పట్టాల మీద పని చేసింది.

నివారణకు పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల శస్త్రచికిత్సా భద్రతా పట్టికను విడుదల చేసింది. రోగి పేరు, కోత పెట్టవలసిన చోటు సరిచూడడం, కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా అని అడగడం, చివర గుడ్డలు, సూదులు లెక్కించడం అందులోనివే. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దానిని అమలుపరిచి చూడగా ఉపద్రవాలు 11 నుండి 7 శాతానికి, మరణాలు 1.5 నుండి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రకటించారు. అయితే గుడ్డలు లెక్కించడానికి నర్సు ఉండాలి కదా! పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే గదిలో శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఆ పోస్టును ఖాళీగా ఉంచి జీతం మిగిల్చామనుకునే అధికారులు, ఆ మిగులు యాంటీబయాటిక్‌ల కొనుగోలులో ఎంత కరిగిపోయిందో లెక్క చూడరు. 1975లో దేశంలో మొదటి కరొనరీ బైపాస్ శస్త్రచికిత్స జరిగినది మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో. అట్టి చరిత్ర గల వైద్య వ్యవస్థకు ఈ చిన్న లెక్క అసాధ్యమని మేము ఒప్పుకోము.

కావున ఆసుపత్రి సలహా సంఘాలలో కూర్చునే మన ప్రతినిధులు ఇకపై మూడు నెలలకొకసారి ఈ అంకెలు అడగాలి: ఎన్ని ఆపరేషన్లు జరిగినవి, ఎన్ని గాయాలకు ఇన్‌ఫెక్షన్ సోకింది, ఎందరిని తిరిగి థియేటరుకు తీసుకువెళ్ళారు, అందువల్ల ఎన్ని పడక దినాలు పోయినవి. రోగుల పేర్లు గాని, సర్జన్ల పేర్లు గాని అడగవద్దు. పేర్లు అడిగితే కేసులు దాస్తారు.

ముందుగా సొంత డబ్బు చెల్లించి తరువాత క్లెయిము పెట్టుకునే తపాలా మిత్రులకు ఒక మాట. ప్యాకేజీ రోజులు దాటినవని ఆసుపత్రి అదనపు బిల్లు చేతికిస్తే, వాసం ఎందుకు పెరిగిందో డిశ్చార్జి పత్రంలో వ్రాయించుకోండి. ఆ నకలును క్లెయిముతో పాటు జతపరచి, మరొకటి బ్రాంచి కార్యదర్శికి అందజేయండి.