నాన్న ఆటో హ్యాండిల్



మా నాన్న సబ్బవరం–అనకాపల్లి రోడ్డు మీద ఆటో నడిపేవారు. రాత్రి అన్నం కలుపుకోవడానికి వేళ్లు ముడుచుకునేవి కావు. "వయసురా" అనేవారు. అప్పటికే ఇంజనీరునైన నేనూ అదే అనుకున్నాను.

ఒకసారి సెలవుకొచ్చినప్పుడు బండి నేనే తీశాను. హ్యాండిల్ తిప్పడానికి భుజాలు లాగేశాయి. దిగి చూస్తే ముందు టైరులో గాలి తక్కువ, కోన్‌సెట్ బిగుసుకుపోయింది.

ఆటోకి ముందు ఒకటే చక్రం. దాన్ని తిప్పే బరువంతా రెండు చేతులదే. గాలి తగ్గితే టైరు రోడ్డుకు ఎక్కువ మేర అంటుకుంటుంది. కోన్‌సెట్ బిగువైతే మలుపు తిరిగాక హ్యాండిల్ తనంతట తిన్నగా రాదు, వదులైతే వణుకుతుంది. ఎలాగైనా అలిసేది చేతులే.

మెకానిక్‌తో కోన్‌సెట్ మార్పించి, గ్రీజు పెట్టించి, గాలి కొట్టించాను. ఖర్చు పెద్దగా కాలేదు. మర్నాడు సాయంత్రం నాన్న, "బండి మాట వింటందిరా" అన్నారు. ఆ మాటకి సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. అన్నేళ్లూ నేను ఒక్కసారైనా అడగలేదు.

అప్పటినుంచి ఏ యంత్రం చూసినా ముందు నడిపేవారి చేతులు చూస్తాను. మనలో చాలామంది ఇళ్ల ముందు ఆటోలు, ట్రాక్టర్లు ఉన్నాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ హ్యాండిల్ ఒక్కసారి మీరు పట్టుకుని చూడండి.