గుల్ల లేఱుట – ఊరి కట్టుబాటు



పాతకాలపు మిద్దెలను చూచినవారు గుల్లసున్నమును మెచ్చుకొనక మానరు. గానుగలో నూఱి పూసిన ఆ సున్నముతో గోడలు అద్దమువలె మెఱయును. కాని ఆ గుల్ల యెచ్చటిదో, ఎవరు ఏఱి తెచ్చిరో విచారించినవారు అరుదు. నేడు ఆ సంగతినే మీకు విన్నవింపదలచితిని.

కాకినాడ అఖాతము మీలో పెక్కుమంది యెఱిగినదే. ఒకవైపు గోదావరి పాయలును, కోరంగి మడ అడవులును. మఱియొకవైపు హోప్ దీవి యను ఇసుకతిప్ప. ఈ రెంటి నడుమ అలల తాకిడి తక్కువ. నది తెచ్చు ఒండ్రు అచ్చట మెత్తగా పేరుకొనును. అట్టి నేలయే గుల్లలకు పుట్టినిల్లు. ఆటు సమయమున నీరు తీసినప్పుడు బీదజనులు బురదలోనికి దిగి, చేతులతో తడవి గుల్లల నేఱుదురు. లోని మాంసము కూరకు, పైచిప్ప సున్నపు బట్టీకి.

ఒకనాడు నేను ఆ యొడ్డున, బుట్టతో వచ్చుచున్న యొక ముదుసలిని పలుకరించితిని. బుట్టలో సగము గోరంతలేసి పిల్లగుల్లలే. “ఇంత చిన్నవి యేల తెచ్చితివమ్మా?” అని యడిగితిని. ఆమె, “ఏం చెయ్యమంటారు బాబూ? నేనొదిలేస్తే నా యెనకొచ్చేది ఎత్తుకుపోద్ది” అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆమెది అత్యాశ కాదు, ఆకలి. తానొక్కతె విడిచినంతమాత్రమున గుల్ల మిగులదు. తన కుండ మాత్రము ఖాళీ యగును. ఒక్కరి మంచితనముతో విడిపోవు చిక్కు కాదిది.

గుల్ల పుట్టుక యెట్టిదో కొంచెము వినుడు. ఆడగుల్ల గ్రుడ్లను, మగగుల్ల బీజమును నీటిలోనికే విడుచును. అవి కలిసి పుట్టిన పిల్లలు కంటికి కానరానంత సూక్ష్మములై, కొన్ని దినములు నీటిలో తేలి, పిమ్మట బురదలో కుదురుకొనును. పెద్దగుల్లలు పలుచబడినచో గ్రుడ్డును బీజమును కలియుటయే కష్టము. పిల్లగుల్లలను ఈనకమునుపే యేఱినచో పైయేటి పంట పోయినట్లే. ఆకలివేసినను విత్తనపుగాదె ముట్టని రైతులు మీరు. మీకు ఇంతకంటె చెప్పనక్కఱలేదు. మఱియు గుల్ల నీటిని లోనికి పీల్చి, అందలి నలకలను వడగట్టి విడుచును. పీతలకును, టేకుచేపలకును, ఉల్లంకిపిట్టలకును అదియే ఆహారము.

గాలమునకు ఎఱకై పురుగులను త్రవ్వువారును కలరు. వారు గుంటలను పూడ్చక విడిచినచో, తిరుగవేసిన మట్టిక్రింద పడిన చిన్నగుల్లలు ఊపిరాడక చచ్చును.

ఇందుకు కేరళదేశమున కొల్లము కడనున్న అష్టముడి సరస్సు మంచి నిదర్శనము. 1981 మొదలు అచ్చటి గుల్లమాంసమునకు విదేశములలో గిరాకి యేర్పడినది. 1991 నాటికి పట్టుబడి 10,000 టన్నులకు పెరిగి, 1993 నాటికి సగమునకు పడిపోయినది. అప్పుడు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారి సలహాతో కట్టుబాట్లు చేసికొనిరి. ఈనుకాలమగు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఏఱరాదు. 30 మిల్లీమీటర్లకంటె సన్నని కన్నుగల వలలు వాడరాదు. కిలోకు 1400 కంటె ఎక్కువ తూగు చిన్నమాంసమును ఎగుమతి చేయరాదు. ఈ నడవడిని పరీక్షించి 2014లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అను అంతర్జాతీయసంస్థ యోగ్యతాపత్ర మిచ్చినది. అట్టిది భారతదేశమున అదియే మొదటిది. అయితే తరువాతి యేండ్లలో నీటి మాలిన్యమువలనను, పరదేశపు గుల్లజాతి యొకటి వ్యాపించుటవలనను అచ్చటి గుల్ల మరల క్షీణించినది. కావున చేతికి కట్టుబాటు చాలదు, నీటికిని కావలయునని తెలియుచున్నది.

తీరగ్రామముల పెద్దలకు నా మనవి యిది. వేటకు, వలకు, చెఱువునీటికి కట్టుబాట్లు మనకు క్రొత్త కావు. గుల్లకును ఒకటి చేయుడు. కాని రచ్చబండపై మీరు మాత్రమే కూర్చుండి తీర్పు చెప్పవలదు. బురదలో దిగువారిని, ముఖ్యముగా స్త్రీలను పిలిచి, ఏ నెలలలో గుల్ల యీనునో, ఎంత పరిమాణము తగునో వారినే యడుగుడు. మత్స్యశాఖవారి సలహాయు గైకొనుడు. త్రవ్విన గుంట పూడ్చవలయు ననుడు. కాలువలోనికి మురికి వదలువాడు ఎంత ధనికుడైనను, అతనిని కూడ ఆ కట్టుబాటులోనికి తెండు. ఏఱుట మానిన నెలలలో ఆ బీదలకు కూలిపని చూపుట మఱవకుడు. అది లేనిచో కట్టుబాటు నిలువదు.

అట్లు చేసిన నాడు ఆ ముదుసలి చిన్నగుల్లను నిర్భయముగా బురదలో విడువగలదు. తన వెనుక వచ్చునదియు విడుచునని యామెకు నమ్మక ముండును.