ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకున్న గీజర్ ఎవరిది?

ఇవాళ్టి టాపిక్ చిన్నదే. కానీ ఇది తెలియకే నేను ఒక గీజర్ పోగొట్టుకున్నా.

అప్పుడు నేను జాబ్ చేస్తూ కొండాపూర్‌లో అద్దెకుండేవాణ్ని. బాత్రూమ్‌లో గీజర్ లేకపోతే సొంత డబ్బుతో కొని పెట్టించుకున్నా. మూడేళ్ల తర్వాత ఇల్లు మారాను. ఆదివారం సామాను వ్యాన్ ఎక్కించేసి, తాళాలు ఓనర్ అంకుల్‌కి ఇచ్చేసి, "రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి గీజర్ విప్పుతాడు అంకుల్" అన్నా. ఆయన నవ్వి, "గోడకు బిగించింది ఇంటిదే కదా బాబూ" అన్నారు. అంతే. గీజర్ అక్కడే ఉండిపోయింది.

మరి ఆయన మాట కరెక్టేనా? నేను లాయర్‌ని కాదు, కానీ చట్టం తెరిచి చదివా. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో సెక్షన్ 108, క్లాజ్ హెచ్ ఏమంటుందంటే, అద్దెకున్నవాళ్లు తాము బిగించుకున్నవి తీసుకెళ్లొచ్చు. కానీ రెండు షరతులు. ఒకటి, ఇల్లు ఇంకా మీ స్వాధీనంలో ఉండగానే తీసుకోవాలి. రెండు, ఇల్లు మీకు ఎలా ఇచ్చారో అలాగే అప్పగించాలి.

అంటే అంకుల్ చెప్పిన రూల్ తప్పే. కానీ నా టైమింగ్ కూడా తప్పే! నాలుగు బోల్టుల గీజర్ అసలు ఇంట్లో భాగమే కాదని వాదించొచ్చు. కానీ తాళం ఇచ్చేశాక వాదించడమే మిగులుతుంది, వస్తువు చేతికి రాదు.

ఏది మనది, ఏది ఇంటిది అని డౌట్ వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. విప్పితే ఇల్లు పాడవుతుందా? అది ఇంటి కోసం శాశ్వతంగా పెట్టిందా, మన సౌకర్యం కోసం పెట్టుకున్నదా? ఏసీ, ఫ్యాన్, వాటర్ ప్యూరిఫైయర్, ఇన్వర్టర్, కర్టెన్ రాడ్లు హాయిగా విప్పుకోవచ్చు. టైల్స్, గోడలో వేయించిన వైరింగ్, సిమెంట్‌తో కట్టించిన అరలు పీకితే గోడే పోతుంది. వాటి మీద ఆశ వదులుకోవడం బెటర్.

ఇంకో ముఖ్యమైన విషయం. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుంటే అదే చెల్లుతుంది. మనం 11 నెలల అగ్రిమెంట్ మీద చదవకుండా సంతకం పెట్టేస్తాం. "అద్దెదారు బిగించినవన్నీ ఓనర్‌కే" అనే లైన్ ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే తీయించండి, లేదా మీ వస్తువుల లిస్ట్ రాయించండి.

ఇక ప్రాక్టికల్‌గా:

ఇంట్లో దిగిన రోజే ప్రతి గదీ వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి.

ఓనర్ ఫ్యాన్ తీసి మీది పెట్టుకుంటే, పాతది అటక మీద దాచండి. వెళ్లేటప్పుడు అదే తిరిగి బిగించాలి.

కొన్న బిల్లులు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఏసీ విప్పేముందు టెక్నీషియన్‌తో గ్యాస్ పంప్ డౌన్ చేయించండి. తర్వాత గోడ రంధ్రాలు పూడ్పించండి. లేదంటే ఆ ఖర్చు అడ్వాన్స్‌లో కట్ అవుతుంది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి మాత్రం మీరు బాధ్యులు కారు.

అన్నిటికన్నా ముఖ్యం: ముందు ఎలక్ట్రీషియన్, ఆ తర్వాతే తాళాలు. ఈ ఆర్డర్ మార్చొద్దు.

ఈ నెలాఖరుకి ఇల్లు మారుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి. వాళ్ల గీజరైనా మిగులుతుంది. మళ్లీ కలుద్దాం, బై!