అవ్వ లోయి ఇంటి బడి

(దుఖానులో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక మనవి. మా తెలుగు సాయంకాలపు బడి తెలుగు. చెరకు తోటల పనికి నాటాలు వెళ్ళిన కుటుంబంలో మేము మూడవ తరము వారము. పగలంతా ఇంగ్లీషు బడిలో చదువుకొని, పొద్దు గూకిన తరువాత పెద్దల దగ్గర కూర్చుని అ ఆలు దిద్దుకున్నాము. ఆ పైన జీవితమంతా ఉపాధ్యాయ వృత్తిలోనే గడిచింది. ఇప్పుడు ఈ దుఖానులో మా అమ్మాయి, అల్లుడుగారి యింట వుంటూ, వారానికి మూడు సాయంత్రాలు మీ పిల్లలకు అక్షరాలు చెబుతున్నాము. తప్పులు దొర్లితే మన్నించండి.

పిల్లలను క్రైస్తవ విశ్వాసములో పెంచుట గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. ఈ సభలో హిందూ కుటుంబాలూ వున్నాయి. అందుచేత ఇది మత బోధ కాదు. పిల్లలను పెంచినవారు, పెంచడంలో పొరబడినవారు చెప్పుకునే మాటలుగా వినండి.

దుఖాను చమురు కోసం వెలసిన ఊరు. 1938లో ఇక్కడ మొదటి బావి తవ్వడం మొదలుపెట్టారు. 1940 నాటికి చమురు పడింది. 1949 ఆఖరున ఎగుమతి ప్రారంభమైంది. మన వాళ్ళు ఆ పని వెంట వచ్చిన వాళ్ళే. ఇక్కడ గుడి గంట వినబడదు. సంఘ ఆరాధనకు 80 కిలోమీటర్ల దూరాన వున్న దోహాకు, అక్కడి మెసైమీర్ ప్రాంగణానికి పోవాలి. అప్పటి అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ ఇచ్చిన స్థలంలో అక్కడ మొదటి చర్చి 2008 మార్చిలో తెరిచారు. సెలవు శుక్రవారం కనుక ముఖ్య ఆరాధన కూడా ఆనాడే. ఉద్యోగానికి షిఫ్టు అడ్డం వస్తే ఆ వారం ప్రయాణం లేనట్టే. అందుకే తల్లులు మమ్మల్ని తరచు అడుగుతారు: "మాస్టారూ, చర్చి అంత దూరంలో వుంటే పిల్లలకు భక్తి ఎలా అబ్బుతుంది?"

ఈ ప్రశ్నకు మా నాటాలు సంగతి కొంత జవాబు చెబుతుంది. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులను కూలి ఒప్పందం మీద అక్కడికి ఓడలలో చేర్చారు. అందులో తెలుగువారు చాలామంది. నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల నుండి వెళ్ళినవారూ కొందరున్నారు. తమకొక బోధకుని పంపమని వారు స్వదేశానికి కబురు పెట్టుకున్నారు. నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టుల సొంత సొసైటీయే పంపింది. ఆయన 1903లో నాటాలు చేరారు. కియర్స్నీ తేయాకు తోటలో సంఘం వెలసింది. ఆయన వచ్చే దాకా ఆ కూలీలకు పాస్టరు లేడు. పనిపాటలు ముగిసిన తరువాత యింట్లో చేసుకునే ప్రార్థనే దిక్కు. అయినా విశ్వాసం నిలిచింది. కాబట్టి చర్చి దూరమని దిగులు పడనక్కర లేదు. దిగులు పడవలసినది మరొకటి వున్నది.

మా సాయంకాలపు బడిలో ఏడేళ్ళ బాబు ఒకడు వున్నాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్క అక్షరం పోకుండా అప్పజెబుతాడు. ఒకనాడు మేము "పరదేశం" అనే మాటకు అర్థం చెప్పాము. వాడు ఆలోచించి, "తాతయ్యా, మనం పరదేశంలో వున్నాము కదా, మరి పరలోకం కూడా ఇక్కడేనా?" అని అడిగాడు. అందరమూ నవ్వాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళుగా వాడు ఆ ప్రార్థన చెబుతున్నాడు. ఆ మాటకు అర్థం వాడికి ఎవ్వరూ చెప్పలేదు. వాడిని ఎవ్వరూ అడగనూ లేదు.

నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం మా అబ్బాయి. చిన్నప్పుడు వాడికి సండే స్కూలులో కంఠత వాక్యాలకు ఏటేటా బహుమతులు వచ్చేవి. మేము పొంగిపోయేవాళ్ళము. పదిహేనో ఏట వాడొక ప్రశ్న అడిగాడు. "దేవుడు మంచివాడైతే మన ముత్తాతకు పశువుకు వేసినట్టు నెంబరు వేసి ఎందుకు తీసుకురానిచ్చాడు?" అన్నాడు. బడిలో వేలమంది పిల్లల ప్రశ్నలు ఓపికగా విన్న మేము, యింట్లో మాత్రం, "సందేహించడం పాపం, నోరు మూసుకో" అన్నాము. వాడు మా మాట విన్నాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఇరవయ్యో ఏట చర్చికి రావడం మానేశాడు. వాడు మంచివాడే. ప్రతి వారం ఫోను చేస్తాడు. ప్రార్థన వేళ మాత్రం లేచి పక్క గదిలోకి వెళతాడు. వాడిని తప్పిపోయిన కుమారుడని చాలా కాలం అనుకున్నాము. నిజానికి తప్పింది మేము.

ఇటీవల ఫోనులో వాడితో చెప్పాము, ఆనాడు నీ నోరు మూయించడం మా తప్పు అని. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, మోకాళ్ళ నొప్పి ఎలా వున్నదని అడిగాడు. అంతే జరిగింది. అంతకంటె ఎక్కువ చేసి చెప్పము.

తిమోతి సంగతి మీలో చాలామందికి తెలుసు. అతడు పుట్టినది పరాయి దేశంలో, తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు అతనికి వ్రాస్తూ, అవ్వ లోయిని, తల్లి యునీకేను తలచుకుంటాడు. ఆ విశ్వాసం మొదట వారిలో వుండి, తరువాత అతనిలోకి వచ్చిందని ఆయన నమ్మకం. అంటే తిమోతి కూడా మనలాగే మూడవ తరము వాడు. ఆ అవ్వ ఎన్ని వాక్యాలు వల్లె వేయించిందో పౌలు వ్రాయలేదు. విశ్వాసం ముందు ఆమెలో వున్నదని మాత్రం వ్రాశాడు.

ఇప్పుడు మా యింట మనుమల దగ్గర మేము చేస్తున్నది చెబుతాము. రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు ఒక బైబిలు కథ వాడుక తెలుగులో చెబుతాము. పిల్లలు దానిని వచ్చిన భాషలో తిరిగి చెబుతారు. దేవునికి తెలుగు ఒక్కటే వచ్చునని మేము అనము. అయితే అవ్వ చేసే ప్రార్థన మనుమరాలికి అర్థం కాకపోతే ఆ యింటి ఆస్తిలో కొంత పోయినట్టే. కంఠత వాక్యం మానలేదు, అర్థం తెలిసిన తరువాతే కంఠత. పిల్లలు ప్రశ్న వేస్తే వింటాము. తెలియకపోతే "మాకూ తెలియదు, కలిసి వెదుకుదాము" అంటాము. ఈ మాట అనడానికి మాకు అరవై ఏళ్ళు పట్టింది.

పిల్లలు చెవులతో కంటె కళ్ళతో ఎక్కువ నేర్చుకుంటారు. ఎండలో వీధి ఊడ్చే మనిషికి మనము చల్లని నీళ్ళు ఇస్తామా, పనిమనిషికి జీతం వేళకు ఇస్తామా అని వాళ్ళు చూస్తూనే వుంటారు. రంజాను నెలలో పక్కింటి పిల్లవాడు ఉపవాసం వుంటే, వాడి ఎదుట తినకూడదని మన పిల్లలకు చెప్పాలి. ఆశ్రయమిచ్చిన దేశపు కట్టుబాట్లకు లోబడి నడవాలి. సంక్రాంతికి పొరుగు వారు ప్రసాదం ఇస్తే తీసుకోవాలా వద్దా అన్నది ఏ కుటుంబానికి ఆ కుటుంబం మనస్సాక్షితో తేల్చుకోవలసినది. వద్దన్నా చేతులు జోడించి అనాలి గాని ముఖం చిట్లించరాదు. పొరుగువారిని చులకన చేసే పిల్లవానికి మనము నేర్పినది భక్తి కాదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక ఇంటి పని. ఈ రాత్రి ప్రార్థన అయిన తరువాత, అందులోని ఒక్క మాటకు అర్థమేమిటని మీ బిడ్డను అడగండి. వాడు తప్పు చెబితే నవ్వండి, కోప్పడకండి. ఆ తరువాత నీకేమైనా అడగాలని వున్నదా అని అడిగి, కాసేపు ఆగండి. ఆ కాసేపు ఆగడమే మేము చేయలేకపోయిన పని.