కొట్టి వినకుండా గంట కొనొద్దు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి వెళ్తే రాతి విగ్రహాలు చెక్కే చోట్లు మీరు చూసే ఉంటారు. ఉలి పెట్టకముందే రాయిని కొట్టి వినాలంటుంది శిల్పశాస్త్రం. గంటలా ఖంగుమంటే పురుష శిల, తాళంలా మోగితే స్త్రీ శిల. అసలు పలకకపోతే నపుంసక శిల, విగ్రహానికి పనికిరాదు.

రాయినైతే ముందే కొట్టి వినొచ్చు. గంటను అలా వినలేం కదా! అచ్చు పగలగొట్టాకే తెలుస్తుంది, మోగుతుందా లేదా అని.

అహోబిలం స్వామికి కానుకలిచ్చిన శ్రీకృష్ణదేవరాయల కాలంలోనే (1509–1529) ఇటలీలో పునరుజ్జీవనం నడుస్తోంది. అక్కడి బిరింగుచ్చో లోహాల పని మీద రాసిన పుస్తకం 1540లో వెనిస్‌లో అచ్చయింది. గంటలు పోసే పద్ధతి అందులో ఉంది. అప్పట్లో ఎలా పోసేవాళ్లంటే, ముందు మట్టితో లోపలి దిమ్మ కట్టి, దాని మీద గంట ఎంత మందం కావాలో అంత మందాన మట్టి గంట చేసేవాళ్లు. ఆపైన బయటి తొడుగు. ఆరాక తొడుగు పైకెత్తి, మట్టి గంటను తీసేసి, తొడుగు మళ్లీ దించేవాళ్లు. మధ్యలో మిగిలిన ఖాళీయే గంట! మనవాళ్లు విగ్రహాలకు మైనం కరిగించి ఖాళీ చేస్తారు, ఆలోచన ఒకటే.

అచ్చును గోతిలో దించి, చుట్టూ మన్ను గట్టిగా కూరి, కరిగిన కంచు వదులుతారు. అచ్చులో తడి మిగిలిందా, ఆవిరి పుట్టి పేలుతుంది.

ఇక కంచు సంగతి. గంటకైతే నూటికి సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. అదే ఫిరంగికి తగరం 10 పాళ్లే, ఎందుకంటే అది పగలకూడదు. తగరం పెరిగితే మోత బాగుంటుంది, కానీ లోహం పెళుసవుతుంది. జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో గెర్హార్డ్ వాన్ వౌ 1497లో పోసిన గ్లోరియోసా గంట 11 టన్నుల పైమాటే. దానికే పగులొచ్చింది. వెల్డింగ్ చేసి నిలబెట్టుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న మా పక్కూరి గుడికి ఒకాయన గంట ఇచ్చారు. తళతళలాడుతోంది, బరువూ ఉంది. కొడితే టంగుమని అంతలోనే ఆగిపోయింది. తీరా చూస్తే ఇత్తడి! ఇత్తడీ మోగుతుంది, కాదనను, కంచులా సాగదు. పాపం, ఆయన తూకం చూసి కొన్నారు.

మీరు కొనేటప్పుడు గంటను వేలాడదీసి కొట్టమనండి. చేత్తో పట్టుకుంటే మంచి గంటా మూగదే. మోత ఎంతసేపు నిలిచిందో వినండి. పగిలిన కుండలా పలికితే డబ్బులు తీయకండి.